విప్పేసిన సీటు

శనివారం పొద్దున్నే, కొత్త బ్యాగులు బండికి తగిలించి చూద్దామని సీట్లమ్మ వెనక వాకిట్లోకి వెళ్లింది. తను కూర్చోవాల్సిన చోట ఇనప పెట్టె ఉంది.

మొదట అర్థం కాలేదు. సామాను ఎంత పడుతుందో చూడ్డానికి మొగుడు ఊరికే పెట్టి ఉంటాడనుకుని పెట్టెని కదిపి చూసింది. కదల్లేదు. నాలుగు బోల్టులతో బండి ఫ్రేముకి బిగించి ఉంది. వాషర్లు వేసి, బోల్టు తలలకి తుప్పు పట్టకుండా రంగు పూసి, పద్ధతిగా చేసిన పని. ఆవిడ మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆయన ఒకసారి బిగించాడంటే అది ఊడదు. విప్పేసిన వెనక సీటు గోడవారన, చిల్లు బకెట్టు పక్కన, తలకిందులుగా పడుంది.

ఆ సీటు కుట్టింది ఆవిడే. వీధి వైపు గదిలో రెండు కుట్టు మిషన్లు, రెక్సిన్ చుట్టలు, ఫోం ముక్కల మధ్య పద్దెనిమిదేళ్లుగా మోటార్ సైకిళ్లకి సీట్లు కుడుతోంది. అందుకే అందరికీ సీట్లమ్మ అయింది. అసలు పేరుతో పిలిస్తే తనని కాదేమో అనుకునే స్థితికి వచ్చేసింది.

రెండేళ్ల నుంచి ఆ ఇంట్లో ఒకటే మాట, సరిహద్దు దాటి అవతలి దేశం వెళ్లడం. కొండ దారిలో పైకెక్కి, కనుమ దాటి, అటువైపున్న పెద్ద సరస్సు దాకా. పన్నెండు రోజులు, ఆరు బండ్లు. పళ్ల డాక్టరు నాయకుడు, మిగతావాళ్లు ఆయన స్నేహితులు. మొగుడూ పెళ్లాలిద్దరికీ జీవితంలో అదే మొదటి విదేశం. ఆవిడ పాస్‌పోర్టు తీసుకుంది, వీసా కొట్టించుకుంది, జబ్బ వాచేలా ఇంజెక్షన్ వేయించుకుంది. "పన్నెండు రోజులు షాపు ఉండదు" అని అట్టముక్క మీద రాసి తలుపు వెనక సిద్ధంగా పెట్టుకుంది. ఆరు బండ్లకీ పక్కన వేలాడదీసే కాన్వాస్ బ్యాగులు తనే కుడతానంది. ఒక్కో కుట్టూ రెండుసార్లు వేసి, వాన నీరు దిగకుండా కుట్ల మీద మైనం రుద్దింది. బొటనవేలి గోరు కింద చర్మం లేచిపోయింది.

ఆయన సింకు దగ్గర గడ్డం గీసుకుంటున్నాడు.

"నేనెక్కడ కూర్చోవాలి?" అంది.

అద్దంలో ఆయన కళ్లు ఒక్కసారి ఆవిడ వైపు వచ్చి పక్కకి తప్పుకున్నాయి. "చెబుదామనే అనుకుంటున్నాను. డాక్టరుగారు ఈసారి ఆడవాళ్లని వద్దన్నారు. పైన రోడ్డు అస్సలు బాగోలేదట."

"ఎప్పుడన్నారు?"

"పోయిన నెలలో."

"పోయిన నెలంతా నేను ఏం చేస్తున్నాను?"

ఆయన బ్లేడు కడుక్కున్నాడు.

"బ్యాగులు కుడుతున్నాను," అంది ఆవిడే. "మీ ముందే కూర్చుని కుడుతున్నాను. దారం అందించారు కూడా."

"వచ్చే ఏడు మళ్లీ వెళ్తారట. అప్పుడు ఇద్దరం..."

ఆవిడ మిగతా మాట వినలేదు. వీధి గదిలోకి వెళ్లి, రెక్సిన్ కోసే పెద్ద కత్తెర తీసుకుని, వెనక్కి వచ్చి, ఆయన జత బ్యాగుల్లో ఒకదాన్ని పై అంచు నుంచి అడుగు దాకా కోసి పారేసింది. మందపు కాన్వాస్, రెండు పొరలు. మధ్యలో కత్తెర మొరాయించింది. మోకాలితో తొక్కిపట్టి మరీ కోసింది. ఆయన సబ్బు నురుగు మొహంతో గుమ్మంలో నిలబడి చూశాడు. ఏదైనా అని ఉంటే రెండోది కూడా కోసేదే.

మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది. వేరే ఊళ్లో నర్సింగ్ చదువుతోంది. తండ్రి అప్పటికే చెవిలో వేసినట్టున్నాడు.

"అమ్మా, నాన్న జీవితంలో ఒక్కసారి స్నేహితులతో వెళ్తున్నాడు. పోనీలే. నువ్వూ నేనూ తర్వాత ఎక్కడికైనా వెళ్దాం."

"పోనీలే అని నీకెవరు నేర్పారే?" అంది సీట్లమ్మ. "నీ సీటు ఎవడైనా విప్పి గోడకి ఆనించిన రోజు ఫోన్ చెయ్యి. అప్పుడు నేనంటాను పోనీలే అని."

*

సోమవారం మిగిలిన అయిదు జతల బ్యాగులు తన చిన్న బండికి తాడుతో కట్టుకుని డాక్టరు క్లినిక్కి తీసుకెళ్లింది. ఆవిడకో బండి ఉంది. పన్నెండేళ్ల పాతది, చిన్న ఇంజను. కుట్టిన సీట్లు షోరూములకి మోసేది అదే. ఆ బండి మీద ఆరేసి సీట్లు గోపురంలా కట్టుకుని వెళ్తుంటే వెనక నుంచి మనిషే కనపడేది కాదు.

బ్యాగులు డాక్టరు మొహాన పడేసి నాలుగు మాటలు అడిగి రావాలనే వెళ్లింది. దారి పొడుగునా ఆ నాలుగు మాటలూ పేర్చుకుంది. ఆడవాళ్లు కుట్టిన బ్యాగులు పనికొచ్చాయా మీకు, ఆడవాళ్లు పనికిరాలేదా? ఇది మొదటిది. మిగతా మూడూ అంతకంటే కారంగా ఉన్నాయి.

డాక్టరు ఒక ముసలాయన నోట్లోంచి చేతులు తీసి, తొడుగులు విప్పుకుంటూ బయటికి వచ్చాడు. బ్యాగుల కుట్లు వేలితో తడిమి, "అబ్బ, ఏం పనితనం చెల్లెమ్మా!" అన్నాడు. ఆవిడ నోరు తెరిచేలోపే, "మోకాలు ఎలా ఉంది ఇప్పుడు?" అని అడిగాడు.

"ఏ మోకాలు?"

"అదే, నీ మోకాలు. కూర్చుంటే వాచిపోతోందట కదా. మీవారు చెప్పినప్పటి నుంచి మా ఆవిడ ఒకటే దిగులు. వెనక కూర్చునేవాళ్లలో నువ్వుంటే తనకి తోడుంటుందనుకుంది. ఇప్పుడు ఆరుగురు మగాళ్ల కబుర్లూ ఆడవాళ్లిద్దరే వినాలి."

"మీ ఆవిడ వస్తోందా?"

"మా ఆవిడా వస్తోంది, బేకరీ ఆయన భార్యా వస్తోంది. నువ్వు రావట్లేదనే మాకు..." డాక్టరు ఆగాడు. ముప్పై ఏళ్లుగా నొప్పి ఎక్కడుందో మొహం చూసి పట్టుకునే మనిషి. "ఏమైంది చెల్లెమ్మా?"

"ఏం కాలేదు," అంది సీట్లమ్మ. "మోకాలు బానే ఉంది."

పేర్చుకున్న నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి. అవి పడాల్సిన మనిషి ఇక్కడ లేడు. బండి స్టార్టు చేసి రోడ్డెక్కించింది. శనివారం వచ్చింది కోపమే కాదు అనిపించింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది.

ఆయన ఆ వారం కొత్తగా కడుతున్న అపార్టుమెంట్లలో పనిచేస్తున్నాడు. కింద వాచ్‌మన్ని అడిగితే, "పైన ఏడో అంతస్తు మీద, మోటారు గదిలో ఉన్నారమ్మా. లిఫ్టు నడవట్లేదు, ఆయన్ని దిగమని కేకేస్తాను ఉండండి," అన్నాడు.

"అక్కర్లేదు," అని ఆవిడ మెట్లెక్కింది. సున్నం, తడి సిమెంటు వాసన. అయిదో అంతస్తు దగ్గర ఆయాసం వచ్చింది. ఆరో దాని దగ్గర చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఏడో అంతస్తు దాటి, ఇనప మెట్లెక్కి, మోటారు గది గుమ్మంలో నిలబడింది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని లిఫ్టు తాళ్లు తిరిగే చక్రం ఇరుసుకి గ్రీజు రాస్తున్నాడు. ఆవిడని చూసి, ఆవిడ చేతిలో చెప్పు చూసి, లేచాడు.

"ఏడంతస్తులు ఎక్కాను," అంది ఆవిడ. "మోకాలు ఎలా ఉందో చూడు."

పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆయన్ని "నువ్వు" అనడం అదే మొదలు. ఆ మాట ఇద్దరికీ వినపడింది.

"డాక్టరుగారు చెప్పారా?"

"డాక్టరుగారికి పాపం నువ్వు చెప్పిందే తెలుసు. ఆయనకి నా మోకాలి మీద నెపం పెట్టావు, నాకు ఆయన మీద పెట్టావు. మధ్యలో నువ్వు మాత్రం కడిగిన ముత్యంలా ఉన్నావు. ఎందుకు?"

ఆయన గుడ్డతో ఒక్కో వేలే తుడుచుకున్నాడు.

"తడతావు," అన్నాడు చివరికి.

"ఏమిటి?"

"వీపు మీద తడతావు. అరవై దాటితే తడతావు. లారీ కనిపిస్తే తడతావు. మలుపు వస్తే తడతావు. ఇరవై మూడేళ్ల నుంచి బండి ఎక్కితే నా చూపు రోడ్డు మీద ఉండదు, ఇప్పుడు తడుతుందా ఇంకాసేపటికి తడుతుందా అని వీపు మీద ఉంటుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరూ తట్టకుండా బండి నడపాలనిపించింది."

అది అబద్ధం కాదని ఆవిడకి తెలుసు. తను తట్టేది. పెళ్లయిన కొత్తలో ఇసక మీద జారి ఇద్దరూ పడ్డ రోజు నుంచి తట్టేది. కానీ అది నిజం కావడం వల్ల కోపం తగ్గలేదు, ఇంకో మెట్టు ఎక్కింది.

"ఈ మాట నాతో అనడానికి నోరు లేదూ? నువ్వు రావద్దు, నాకు విసుగ్గా ఉంది అంటే ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండేదాన్ని. అంతేగా? దానికి జడిసి ఊరందరిలో నన్ను కుంటిదాన్ని చేశావా? పైగా నా చేత బ్యాగులు కుట్టించుకున్నావు చూడు, అది నేను మర్చిపోను."

కిందికి దిగేటప్పుడు కాళ్లు నిజంగానే నొప్పెట్టాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

*

రెండు రోజులు ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు సాయంత్రం ఆయన వీధి గదిలోకి వచ్చి, మిషను పక్కన నిలబడి, "డాక్టరుగారికి చెప్పేశాను. నేనూ వెళ్లట్లేదు," అన్నాడు. "సీటు మళ్లీ బిగిస్తాను. మనిద్దరం ఎప్పుడైనా విడిగా వెళ్దాం."

ఆవిడ మిషను ఆపింది. ఆయన మొహంలో త్యాగం చేసినవాడి కళ కనిపించింది. అది చూసేసరికి ఒళ్లు మండిపోయింది.

"ఏమని చెప్పారు వాళ్లకి?" మళ్లీ "మీరు"లోకి వచ్చింది. ఈసారి ఆ గౌరవం సూదిలా ఉంది.

"ఇంట్లో కుదర్లేదని."

"అంటే పెళ్లాం పోనివ్వలేదని. మొన్న నా మోకాలి పేరు చెప్పి నన్ను మానిపించారు. ఇవాళ నా నోటి పేరు చెప్పి మీరు మానేస్తున్నారు. ఎటు తిరిగినా నేనేనా దొరికింది? మీరు వెళ్తున్నారు. వెళ్లి తీరాలి. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి."

"మరి నువ్వు?"

ఆవిడ కిటికీలోంచి వీధిలోకి చూసింది. చిన్న బండి వీధి గోడకి ఆనుకుని ఉంది, దాని వెనక ఇంకా తాళ్లు వేలాడుతున్నాయి.

"నేనూ వస్తాను. నా బండి మీద."

ఆయనకి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు కానీ పూర్తిగా ఆగలేదు. "ఆ బండి కొండ ఎక్కదే."

ఆ మాట ఆయన అనకుండా ఉంటే ఆవిడ వెళ్లేది కాదేమో. అన్నాడు.

డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "ఇంకా ఇరవై నాలుగు రోజులుంది చెల్లెమ్మా, రాసుకో," అన్నాడు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్టు, అవతలి దేశంలో చెల్లే బీమా, బండిని తాత్కాలికంగా దాటించడానికి కావలసిన పత్రం. ఆ చివరిదాన్ని వాళ్లంతా బండి పాస్‌పోర్టు అనేవాళ్లు. "అన్నిటికంటే అదే ఆలస్యం. ముందు దాని వెంట పడు."

పొద్దున పది దాకా సీట్లు, ఆ తర్వాత ఆఫీసులు, సాయంత్రం బండి. ఇదీ వరస. తెలిసిన మెకానిక్కు షెడ్డులో కూర్చుని ట్యూబు మార్చడం, క్లచ్చు వైరు వేయడం, ప్లగ్గు శుభ్రం చేయడం నేర్చుకుంది. మొదటి ట్యూబు మార్చడానికి గంటా పది నిమిషాలు పట్టింది. తర్వాత చూస్తే ఆ ట్యూబుకీ తనే చిల్లు పెట్టింది. స్పానరు తీసి గోడకేసి కొట్టింది. మెకానిక్కు దాన్ని ఏరుకొచ్చి, మళ్లీ చేతికిచ్చి, "ఇంకోసారమ్మా," అన్నాడు.

ఊరి బయట రాళ్ల క్వారీకి ఎక్కే దారిలో, తన బండికి కొత్తగా కుట్టుకున్న బ్యాగుల్లో ఇటుకలు నింపుకుని ఎక్కడం దిగడం సాధన చేసింది. నాలుగో రోజు దిగేటప్పుడు కంకర మీద ముందు బ్రేకు నొక్కింది. బండి ఒక పక్కకి, ఆవిడ ఇంకో పక్కకి. అరచేయి గీరుకుపోయింది, దుమ్ము నోట్లోకి పోయింది. ఎవరూ లేరు కదా అని అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చింది. ఆయన్ని తిట్టింది, బండిని తిట్టింది, వెనక కూర్చుని హాయిగా దారి చూసిన ఇన్నేళ్లలో బ్రేకు గురించి ఒక్క ముక్క నేర్చుకోని తన మొద్దు బుర్రని తిట్టింది. తిట్లు అయిపోయాక ఇటుకలు సగం తీసేసి, బండి నిలబెట్టి, మళ్లీ పైకెక్కింది.

ఇంట్లో ఆయన పిల్లిలా తిరిగేవాడు. ఆవిడ బండి దగ్గర కూర్చుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు.

"చైను మరీ బిగించావు," అన్నాడొకసారి.

"మిమ్మల్ని అడిగానా?"

ఆయన లోపలికి పోయాడు. ఆయన పోయాక ఆవిడ చైను నొక్కి చూసి, ఎవరూ చూడకుండా కాస్త వదులు చేసింది. ఆయన చెప్పింది సరైనదే అయినందుకు ఆ సాయంత్రమంతా మరింత చిరాగ్గా ఉంది.

కోసిన బ్యాగు ఆవిడ కుట్టలేదు. ఆయనే గోనెసంచులు కుట్టే సూదితో, ఇనప తీగలు లాగే చేతుల్తో, వంకరటింకరగా కుట్టుకున్నాడు. ఆవిడ ఆ కుట్టు చూసి మొహం తిప్పుకుంది. అంత చెత్త కుట్టు ఆ ఇంట్లోంచి బయటికి వెళ్లడం కోపం కంటే కూడా కష్టంగా ఉంది. అయినా చెయ్యి పెట్టలేదు.

బయల్దేరాల్సిన శనివారానికి మూడు రోజుల ముందు, బండి పాస్‌పోర్టు ఇచ్చే ఆఫీసులో గుమాస్తా కాగితం ఇటు తిప్పి అటు తిప్పి, "ఇంజను నంబరు తేడా ఉందమ్మా. చివరి అంకె మా దాంట్లో ఎనిమిది, మీ రిజిస్ట్రేషన్లో మూడు," అన్నాడు.

"బండి మీద మూడే ఉంది. వచ్చి చూడండి, కిందే పెట్టాను."

"సవరణకి దరఖాస్తు పెట్టుకోండి. మంగళవారం వస్తుంది."

"ఎనిమిది రాసింది మీరు. దరఖాస్తు నేనెందుకు పెట్టాలి? మేం శనివారం బయల్దేరాలి."

"బండి మీవారు నడుపుతారు కదా? ఆయన్ని రమ్మనండి, మాట్లాడతాను."

వరసలో నిలబడ్డవాళ్లంతా ఒక్కసారి వెనక్కి జరిగారంటే, ఆవిడ మొహం ఎలా మారిందో మరి. "బండి నాది," అంది. గొంతు పెద్దది చేయలేదు. "నడిపేది నేను. సీటు కుట్టింది నేను. మూడుని ఎనిమిది చేసింది మాత్రం మీరు. దరఖాస్తు ఎక్కడ పెట్టాలి?" గుమాస్తా వేలు చూపించాడు. అయినా మంగళవారం మంగళవారమే అయింది. కోపంతో కాగితాలు నడవవు.

శుక్రవారం ఆయన, "నేను ఆగుతాను. ఇద్దరం బుధవారం బయల్దేరదాం," అన్నాడు.

"ఆగితే నా గుమ్మం తొక్కకండి. మీకు ఎవరూ తట్టకుండా నడపాలని కదా? నడపండి."

శనివారం అయిదు బండ్లూ వీధి చివర నుంచి హారన్లు కొట్టాయి. డాక్టరు భార్య దిగి వచ్చి ఆవిడని కావలించుకుని, బస చేసే చోట్లన్నీ రాసిన కాగితం చేతిలో పెట్టింది. "మెల్లగా రా. మేం ఎక్కడో ఒక చోట కలుస్తాం." ఆయన హెల్మెట్ లోంచి ఏదో అన్నాడు. వినపడలేదు. ఏమన్నారని ఆవిడ అడగలేదు.

*

మంగళవారం కాగితం వచ్చింది. బుధవారం తెల్లవారగానే అట్టముక్క తలుపుకి తగిలించి బయల్దేరింది. యాభై దాటకుండా నడిపింది. లారీలు దాటేసుకుపోయాయి, బస్సులు దాటేసుకుపోయాయి, ఒక ట్రాక్టరు కూడా దాటేసింది. మొదటి ఎత్తులో బండి మొదటి గేరులో మూలుగుతూ, ఆగుతూ, మళ్లీ మూలుగుతూ ఎక్కింది. కానీ ఎక్కింది. పైన ఆపి ఇంజను చల్లారేదాకా కూర్చున్నప్పుడు, ఇన్నాళ్లూ ఇలాంటి చోట్లకి తను, తను మోసే సీట్ల కట్టలాగే వచ్చేదేమో అనిపించింది. ఆ ఆలోచన మళ్లీ కోపాన్ని రాజేసింది. పర్లేదు, దాన్నీ వెంట తెచ్చుకుంది.

గురువారం మధ్యాహ్నం సరిహద్దు చేరింది. పొడవాటి రేకుల షెడ్డు, రెండు కిటికీలు, లారీల వరస. షెడ్డు నీడలో సిమెంటు బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. పక్కన బండి.

ఆవిడ స్టాండు వేసి దిగింది. "మీరు ఇక్కడేంటి? వాళ్లేరీ?"

"దాటి వెళ్లిపోయారు. మూడు రోజులైంది."

"మిమ్మల్ని ఎవరు ఆగమన్నారు?"

"ఎవరూ అనలేదు."

"నా కోసమైతే..."

"నీ కోసం అన్నానా? నాకే పోబుద్ధి కాలేదు." ఆయన చేతిలో నీళ్ల సీసా తిప్పుతూ కూర్చున్నాడు. "శనివారం, ఆదివారం నడిపాను. ఎవరూ తట్టలేదు. ఒకసారి నూట పది కూడా చూశాను."

"ఎలా ఉంది?"

మళ్లీ ఏ కథ చెబుతాడో అని ఆవిడ ఎదురుచూస్తుండగా, ఆయన ఆవిడ మొహం కేసి చూసి, "బావుంది," అన్నాడు. "చాలా బావుంది. ఆ తర్వాత ఇక్కడ వరసలో నిలబడితే, లోపల ఆఫీసరు జాబితాలో నీ పేరు చూసి ఈవిడేదీ అన్నాడు. విడిగా వస్తోందంటే పేచీ పెడతాడేమోనని, నువ్వు మోకాలు బాగోలేక ఇంట్లో ఉన్నావని డాక్టరుగారి భార్య నా తరఫున అబద్ధం చెప్పబోయింది. అలవాటైపోయినట్టుంది అందరికీ. కాదు, మా ఆవిడ వెనక వస్తోంది, తన బండి మీద వస్తోంది అన్నాను. అన్నాక ఇంక దాటాలనిపించలేదు."

ఈ గొడవ మొదలయ్యాక, నిలదీయకుండానే ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి తిన్నని మాట అది. ఆవిడకి తెలిసింది. కానీ తెలిసినంత మాత్రాన మనసు వెన్నలా కరిగిపోలేదు. మూడు రోజులు బల్ల మీద కూర్చుంటే తీరే బాకీ కాదది.

"నేనింకా మాట్లాడట్లేదు మీతో," అంది.

"తెలుసు."

"ఇంటికెళ్లాక అన్నీ అడుగుతాను. ఒక్కోటీ అడుగుతాను."

"అడుగు."

"సరే, కాగితాలు తీయండి. ఆ కిటికీ మూసేస్తారు."

కిటికీ వెనక ఆఫీసరు ఆవిడ బండి కాగితం తీసుకుని, బయటికి వచ్చి, వంగి, ఇంజను నంబరు ఒక్కో అంకే వేలితో తడిమి చదివాడు. మూడు దగ్గర ఆవిడా వంగి చూసింది. ఆయన తలాడించి ముద్ర వేశాడు. "ఈ బండి మీద పైదాకానా?" అని మాత్రం అడిగాడు.

"పైదాకానే."

గేటు లేచింది. అవతల కూడా అదే తారు రోడ్డు, అదే దుమ్ము, కాకపోతే బోర్డుల మీద అక్షరాలు వేరు. ఆవిడ యాభైలో పోయింది. వెనకాల ఆయన పెద్ద బండి అదే యాభైలో, వేగం చాలక గురగురమంటూ వచ్చింది. పది కిలోమీటర్ల తర్వాత రోడ్డు కొండ వైపు తిరిగింది. ఆవిడ పక్కకి ఆపి, దిగి, చైను నొక్కి చూసుకుంది. ఆయనా ఆగాడు. సలహా ఏదైనా వస్తుందేమోనని ఆవిడ స్పానరు చేత్తో పట్టుకుని తలెత్తింది.

ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, కొండని చూస్తూ నిలబడ్డాడు.